‘ఇల్లు ఓనరుది, ఇష్టం ఓనరుది’ అన్న ఫార్వర్డుకి ఒక బ్రోకరు జవాబు

పది రోజులుగా మన శ్రీకాకుళం, విజయనగరం బ్రోకర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకే నాలుగు వైపుల నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: “ఇల్లు ఓనరు సొంత ఆస్తి. ఎవరికివ్వాలో ఆయన ఇష్టం. కులం, మతం చూసి ఇల్లు ఇవ్వకపోవడం తప్పని మన దేశంలో ఏ చట్టమూ లేదు, అవన్నీ అమెరికాలో. ఓనరు చెప్పిందే బ్రోకరు చెప్తాడు కాబట్టి బ్రోకరుకి కేసు రాదు. లోను బ్యాంకు ఇష్టం, కారణం చెప్పక్కర్లేదు. అయినా ఏజెన్సీ భూమి గిరిజనేతరులు కొనకూడదని ప్రభుత్వమే రాసుకుంది, అది వివక్ష కాదా?” కింద దణ్ణం బొమ్మలు, ప్రతి రియల్టరూ షేర్ చేయాలని ఒక ఆజ్ఞ.

ముందు ఇందులో ఉన్న నిజం ఒప్పుకుంటాను. అమెరికాలో 1968 నుంచి ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ ఉంది. అన్నిటికీ కలిపి అలాంటి ఒకే చట్టం మనకి లేదు. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు అంటుంది గానీ అద్దె ఇల్లు అనదు. అహ్మదాబాద్‌లో ఒక హౌసింగ్ సొసైటీ సభ్యత్వం పార్సీలకే అని నియమం పెట్టుకుంటే, 2005లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టెయ్యలేదు. బ్యాచిలర్లకి ఇవ్వం, నీచు వండేవాళ్ళకి ఇవ్వం అనే ఓనరు మీద నేరుగా కేసు పెట్టే సెక్షన్ లేదు. నాకు నచ్చకపోయినా, ఉన్నమాట అది.

అంతమాత్రాన “ఏ చట్టమూ లేదు” అనడం పచ్చి అబద్ధం. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం ఒకసారి తీసి చూడండి. అంటరానితనం కారణంగా ఒక మనిషిని ఏ పేటలోనైనా సరే ఇల్లు కట్టుకోనివ్వకపోయినా, కొనుక్కోనివ్వకపోయినా, అందులో కాపురం ఉండనివ్వకపోయినా నేరమని నాలుగో సెక్షన్ చెబుతుంది. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, దాంతోపాటు 100 నుంచి 500 రూపాయల జరిమానా. ఐదొందలే కదా అని నవ్వేవాళ్ళు పక్కనున్న జైలు మాట కూడా చదవాలి. అసలు కీలకం 12వ సెక్షన్‌లో ఉంది. అడ్డుకున్నది షెడ్యూల్డ్ కులాల మనిషినైతే, అది అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు ఎదుటివాడి మీద పడుతుంది. “కులం కాదండీ, మా చుట్టాలొస్తున్నారు” అని నోటితో అంటే సరిపోదు.

ఇవి కాక ఇంకా ఉన్నాయి. హెచ్‌ఐవీ ఉందని ఇల్లు ఇవ్వకపోవడాన్నీ, ఖాళీ చేయించడాన్నీ 2017 చట్టం నిషేధించింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో 2019 చట్టం అదే మాట చెప్పింది: ఉండటానికి, అద్దెకి తీసుకోవడానికి, కొనుక్కోవడానికి. రెండు చట్టాల్లోనూ ఇల్లనేది స్పష్టంగా రాసే ఉంది.

నా సంగతి కూడా చెప్తాను. కొన్నేళ్ళ క్రితం శ్రీకాకుళంలో బలగ వైపు ఒక రెండు గదుల పోర్షన్‌కి ఒక నర్సమ్మని తీసుకెళ్ళాను. ఓనరు గారు కాఫీ ఇచ్చారు, అద్దె కుదిరింది, అడ్వాన్సు లెక్క కూడా అయిపోయింది. లేవబోతుంటే “ఇంతకీ మీరేట్లమ్మా?” అని కులం అడిగారు. ఆవిడ దాచకుండా చెప్పింది. సాయంత్రం నాకు ఫోను: “వేరేవాళ్ళకి ఇచ్చేశామని చెప్పీయండి.” నేను చెప్పేశాను. ఆ ఇంటికి టులెట్ బోర్డు ఇంకో రెండు నెలలు వేలాడింది. ఆస్పత్రికి వెళ్ళే దారి అదే కాబట్టి ఆవిడ రోజూ చూసే ఉంటుంది.

కాబట్టి “బ్రోకరుకి కేసు రాదు” అన్న మాట దగ్గర నాకు కాస్త కోపం వస్తుంది. పైన చెప్పిన 1955 చట్టంలోనే పదో సెక్షన్ ప్రకారం నేరానికి తోడ్పడినవాడికీ అదే శిక్ష. రాతతో గానీ మాటతో గానీ అంటరానితనాన్ని ప్రోత్సహిస్తే ఏడో సెక్షన్ వేరే ఉంది. మన గ్రూపుల్లో కొందరు పెట్టే టులెట్ మెసేజీలు గుర్తు చేసుకోండి. “ఓన్లీ ఓసీ, బీసీ” అని టైపు చేసి, పక్కన మన ఫోన్ నంబరు కూడా వేసుకుంటాం. ఓనరు నోటితో అన్నాడు, మనం రాసిచ్చాం. పోలీసు ముందు ఎవరి మీద సాక్ష్యం గట్టిదో మీరే చెప్పండి. అమెరికాని ఎలాగూ తెచ్చారు కాబట్టి ఇంకో మాట: అక్కడ సొంతిల్లు తనే అద్దెకిచ్చుకునే చిన్న ఓనరుకి కొన్ని మినహాయింపులున్నాయి. విడి ఇంటికి మధ్యలో బ్రోకర్ని పెట్టుకుంటే ఆ మినహాయింపు పోతుంది.

ఇక లోను. “బ్యాంకు ఇష్టం” అన్నది చాలా వరకు తప్పు. రిజర్వ్ బ్యాంకు 2003లో ఇచ్చిన నియమావళి ప్రకారం అప్పు ఇచ్చే విషయంలో లింగం, కులం, మతం చూడకూడదు. దరఖాస్తు తిరస్కరిస్తే ప్రధాన కారణం రాతపూర్వకంగా చెప్పాలి. మొదట్లో చిన్న లోన్లకే ఉన్న ఈ రూలుని 2007లో ఎంత లోనుకైనా వర్తింపజేశారు. జీతం చాలదనో, సిబిల్ (పాత అప్పులు ఎలా కట్టామో చూపే స్కోరు) బాలేదనో, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు) లేవనో, ప్లాన్ అప్రూవల్ లేదనో కాదనొచ్చు, అది వాళ్ళ హక్కే. లాయర్లకీ పోలీసులకీ లోను ఇవ్వడానికి కొందరు వెనకాడతారని మనందరికీ తెలుసు, ఈ నియమంలో వృత్తి మాట లేదు. కానీ ‘ఆ పేట వాళ్ళకి రాదండీ’, ‘మొగుడు సంతకం లేకపోతే ఆడవాళ్ళకి రాదండీ’ అని మనకి చెప్పేది చాలాసార్లు బ్యాంకు కూడా కాదు, మధ్యలో ఉన్న లోన్ ఏజెంటు. ఫైలు లాగిన్ చేయించి, అంటే దరఖాస్తు బ్యాంకులో నమోదు చేయించి, కాదంటే కాగితం మీద రాసిమ్మనండి. సగం మంది అక్కడే మెత్తబడతారు. కులమో, మతమో చూసే కాదన్నారనిపిస్తే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు ఓంబుడ్స్‌మన్ ఉన్నారు. వివరాలకి 14448కి ఫోన్ చేయొచ్చు.

చివరిది ఏజెన్సీ భూములు, అంటే షెడ్యూల్డ్ ఏరియాగా ప్రకటించిన గిరిజన ప్రాంతాల భూములు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయినా, అక్కడి బేరాలు ఇంకా మన దగ్గరికే వస్తాయి కాబట్టి చెప్తున్నాను. 1970 నాటి ఒకటో రెగ్యులేషన్ ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరుడికి బదిలీ చేస్తే చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా అంతే. వివక్ష అంటే బలహీనుణ్ణి బయట ఉంచడం. ఇది బలహీనుడి చేతిలో భూమి మిగల్చడం. అప్పులకింద గిరిజనుల పొలాలు షావుకార్ల పాలై, అరవైల చివర గిరిజన పోరాటంలో ఆ కొండల్లో ఎంత నెత్తురు పారిందో మన జిల్లాల్లో పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు. షెడ్యూల్డ్ తెగల ప్రయోజనం కోసం ఇలాంటి పరిమితి పెట్టొచ్చని రాజ్యాంగం 19వ అధికరణం అయిదో క్లాజులోనే ఉంది.

అన్నట్టు, ఈ ఫార్వర్డు మా గ్రూపులో పెట్టినాయనే దానికి రెండ్రోజుల ముందు “సీతంపేట దగ్గర 40 సెంట్లు, కొండ వ్యూ, అగ్రిమెంట్ మీద ఇస్తాం” అని ఫొటోతో సహా పెట్టారు. అది ఇంకా అక్కడే ఉంది. గురువుగారూ, ముందు దాన్ని డిలీట్ చెయ్యండి.