చుక్కలు మిగిలిన చోట

రాజ్యసభ చర్చల ప్రతిలో మాట తొలగించిన చోట నక్షత్రం గుర్తులు పడతాయి. అధ్యక్ష స్థానం ఆదేశంతో తొలగించినట్లు అడుగున ఒక్క పంక్తి ఉంటుంది. ప్రతిపక్ష నాయకుడిగా మల్లికార్జున ఖర్గే 2023లో చేసిన ప్రసంగాలను తిరగేస్తే ముందుగా కంటికి తగిలేవి ఆ చుక్కలే.

ఫిబ్రవరి 8న, రాష్ట్రపతికి ధన్యవాదాలు తెలిపే తీర్మానంపై మాట్లాడుతూ ఆయన అదానీ గ్రూపుపై వచ్చిన ఆరోపణల వ్యవహారాన్ని లేవనెత్తారు. ప్రధాని మోదీ మౌనీబాబా ఎందుకయ్యారని నిలదీశారు. అప్పటి ఛైర్మన్ జగదీప్ ధన్‌ఖడ్ అభ్యంతరం చెప్పారు. ఆరు చోట్ల తన మాటలకు కత్తెర పడిందని ఖర్గే తర్వాత సభలోనే వాపోయారు. పి.వి. నరసింహారావును వాజపేయి అదే మాట అన్నారని, అది ఇప్పటికీ రికార్డులోనే ఉందని గుర్తుచేశారు. పి.వి. మౌనం మీద పడిన విసుర్లు తెలుగువారికి కొత్త కావు. వాటిని కూడా ఆయన మౌనంగానే విన్నారు. పరువునష్టం కలిగించే, అసభ్యమైన, సభామర్యాదకు తగని మాటలను తొలగించే విచక్షణ నిబంధన 261 కింద ఛైర్మన్‌కు ఉంది. దాన్ని మేము కాదనడం లేదు. ఒక ప్రధానిపై చెల్లిన ఎత్తిపొడుపు మరో ప్రధాని దగ్గరకు వచ్చేసరికి అమర్యాద ఎలా అయిందో చెప్పాలంటున్నాం.

ఖర్గే సభలకు కొత్తవారు కారు. 1972లో కర్ణాటకలోని గుర్మిట్కల్ నుంచి మొదటిసారి శాసనసభకు వెళ్లారు. 2019 దాకా ఎన్నికల్లో ఓటమి ఎరుగరు. నిజాం ఏలుబడిలోని బీదర్ ప్రాంతంలో 1942లో పుట్టిన ఈ మనిషి హిందీలో హైదరాబాద్ వాసన మనకు ఇట్టే తెలుస్తుంది. 2023 సెప్టెంబరులో పాత పార్లమెంటు భవనానికి వీడ్కోలు చెబుతున్న వేళ, పేర్లు మారిస్తే ఏమొస్తుంది, పరిస్థితులు మార్చండని ఆయన కవిత చదివినప్పుడు ఆ అనుభవమంతా పలికింది.

మరునాడే నోరు జారారు. మహిళా రిజర్వేషన్ల బిల్లుపై మాట్లాడుతూ, పార్టీలు గట్టిగా నిలబడలేని మహిళలనే ఎంచుకుంటాయన్నారు. నిర్మలా సీతారామన్ వెంటనే లేచి అభ్యంతరం చెప్పారు, సబబే. వెనుకబడిన, దళిత వర్గాల మహిళల గురించి ఆయన చెప్పదలచుకున్న అసలు సంగతి ఆ గోలలో కొట్టుకుపోయింది. సెప్టెంబరు 21న బిల్లు 214–0తో నెగ్గింది.

అదే ఏడాది మణిపుర్ హింస విషయంలోనూ తప్పంతా ఒక వైపే లేదు. మిగతా పనులు ఆపి చర్చించే నిబంధన 267 కిందే చర్చ కావాలని ప్రతిపక్షం, స్వల్పకాలిక చర్చకు వీలిచ్చే 176 చాలని ప్రభుత్వం పట్టుబట్టాయి. రెండు అంకెల మధ్య ఒక రాష్ట్రం గోడు ఇరుక్కుపోయింది. తన మైకు కట్టేశారన్న ఖర్గే ఫిర్యాదు ఆ రోజులదే. పెద్దల సభలో ప్రతిపక్ష నాయకుడు తన వాదన కన్నా మైకు గురించి ఎక్కువ మాట్లాడవలసి రావడం ఎవరికీ గౌరవం కాదు.

డిసెంబరుకు మాటల కోతతో సరిపోలేదు. లోక్‌సభలోకి ఆగంతకులు దూకిన భద్రతా వైఫల్యంపై హోంమంత్రి ప్రకటన కోరినందుకు తలెత్తిన రభసలో రాజ్యసభ నుంచి 46 మంది, రెండు సభల్లో కలిపి 146 మంది సస్పెండయ్యారు. శిక్షాస్మృతి, నేర విచారణ స్మృతి, సాక్ష్య చట్టాలను మార్చే మూడు బిల్లులు 21న రాజ్యసభ దాటే నాటికి ఖర్గే వెనుక వరుసలు ఖాళీ.

ధన్యవాద తీర్మానం ఏటా వస్తుంది, ప్రతిపక్ష నాయకుడు మళ్లీ లేస్తారు. ఇకపై ఏ మాట తీసినా, అది 261లోని ఏ దోషం కింద తీశారో ఆ చుక్కల పక్కనే రాయాలని ఛైర్మన్‌ను కోరుతున్నాం.