నడుం పట్టీ గారికి ఒక బదిలీ విన్నపం

అయ్యా నడుం పట్టీ గారూ,

నాగాలాండ్‌లోనూ, ఎక్కడో గ్వాటెమాలాలోనూ ఆడవాళ్లు తరతరాలుగా తమరిని నడుముకి చుట్టుకుని బట్ట నేస్తున్నారట. అక్కడ మగ్గం ఒక కొస తమరికి కడితే, రెండో కొసకి ఏ చెట్టో, ఇంటి గుంజో సరిపోతుంది. హైదరాబాద్ వచ్చాక తమ హోదా పెరిగింది. మణికొండలో ఓ అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్, ఏసీ, ఫిల్టర్ కాఫీ, ఆదివారం నేత వర్క్‌షాప్. ఫీజు ముందే కట్టాలి.

తమ ధైర్యానికి దండం పెట్టాలి. మిగతా మగ్గాలు చట్రంతో సహా వస్తాయి. పోచంపల్లిలో గుంట మగ్గం చూడండి, భూమిలోనే పాతుకుని ఉంటుంది. తమరు మాత్రం నాలుగు కర్రలు, కాస్త దారం పట్టుకొచ్చి, చట్రం మీరే అని మా వీపుల వైపు చూపిస్తారు. వెనక్కి వాలితే పడుగు, అంటే నిలువు దారాలు, బిగుస్తుంది, కాస్త ముందుకి వంగితే వదులవుతుంది. ఆ వదులులోనే, ఒకటి విడిచి ఒకటి దారాన్ని పైకెత్తే కర్రని లేపాలి. నూలు దారాలేమో ఒకదాన్నొకటి అంటుకుని విడవవు, వేళ్లతో మీటాలి. సందు తెరుచుకోగానే చెక్క కత్తిని నిలువుగా నిలబెట్టి, అడ్డదారాన్ని, అంటే పేకని దూర్చి, దగ్గరికి కొట్టాలి. ఇదంతా వారమంతా కుర్చీలో జారగిలబడి కూర్చునే నడుములతో! మాలో సగంమంది వీపుల్ని ఫిజియోథెరపిస్టులే నమ్మరు, తమరు నమ్మారు.

మా మగ్గాలన్నీ రెండు స్తంభాల మధ్య కట్టిన ఒకే వెదురు బొంగుకి తగిలించారు. పక్కావిడకి డెలివరీ అబ్బాయి ఫోన్. ఓటీపీ చెప్పడానికి, తనని మగ్గానికి కట్టేశారన్న సంగతి మరిచి లేచింది. బొంగు ఆవిడ వైపు వంగింది, వరసలో అందరి పడుగులూ ఒక్కసారి ఉయ్యాలూగాయి. చివర కూర్చున్న పెద్దాయన చెక్క కత్తి ఎగిరి కాఫీలో పడింది. ఓటీపీ మాత్రం సరిగ్గానే చెప్పింది.

ఇక నేత అంటారా, నాలుగు వేళ్ల వెడల్పుతో మొదలుపెట్టింది జానెడు వచ్చేసరికి రెండు వేళ్లకి చిక్కిపోయింది. పేకని అలా లాగెయ్యకండి, కాస్త వంపుగా వదిలి కొట్టండి అని నేర్పే అమ్మాయి మొత్తుకుంటూనే ఉంది. వినేదెవరు, అప్పటికే ఫొటోలు మొదలయ్యాయి. చేతులు చాచినంత మేరే వెడల్పు గనక నాగా శాలువాల్ని ముక్కలుగా నేసి కలిపి కుడతారని కూడా చెప్పింది. మా ముక్కలన్నీ కలిపి కుట్టినా సెల్‌ఫోన్‌కి చొక్కా రాదు.

అన్నట్టు, మీకో సంగతి తెలియాలి. ఈ రాష్ట్రంలోనే ఇకత్ చీరకి ఆసు పోయడమనే పని ఒకటుంది. నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టే పని. చేత్తో చేస్తే ఒక్క చీర కోసం చేతిని తొమ్మిది వేల సార్లు తిప్పాలి. అమ్మ భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో దానికో యంత్రం చేశారు, 2017లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. నొప్పి పోగొట్టడానికి ఆయన అంత కష్టపడితే, మేము ఆన్‌లైన్లో డబ్బు కట్టి నొప్పి తెచ్చుకుని రసీదు దాచుకుంటున్నాం. పైగా దానికి ధ్యానమని పేరు.

ఇదే బృందంతో సాయంత్రం చేనేత మేళాకి వెళ్లాను. ఫీజు దగ్గర నోరెత్తనివాళ్లు చీర రేటు వినగానే గుండె పట్టుకున్నారు. 'ఏంటి బాబూ, ఆన్‌లైన్లో ఇందులో సగానికే వస్తోంది' అని ఒకరు. ఫైనల్‌గా ఎంతకిస్తావని ఇంకొకరు. పొద్దున సందులో పేక దూర్చలేక చెమటలు కక్కిన ఆ వేళ్లే చీరని మడతలు విప్పి, ఎత్తి చూపిస్తున్నాయి: ఇక్కడ నేత కొంచెం వంకరగా ఉంది కదా!

కాబట్టి తమరిని క్లబ్ హౌస్ నుంచి మేళా కౌంటర్ దగ్గరికి బదిలీ చేయించాలని మా విన్నపం. కౌంటర్ కాలికి కట్టి ఉంచితే చాలు. బేరం ఆడదలచినవాళ్లు తమరిని చుట్టుకుని కూర్చుని బెత్తెడు నెయ్యాలి. అంచు తిన్నగా వస్తే పది శాతం తగ్గింపు. వంకరగా వస్తే చెప్పిన రేటే. ఫోన్ వస్తే లేవకూడదు.

ఇట్లు,
తమ విధేయ చట్రం