లోటు నిర్ధారణ కమిటీ

ఏడేళ్ల పిల్లాడొకడు బడిలో పక్కవాడి చెయ్యి కొరికాడు. మామూలుగా ఇది పళ్లకు సంబంధించిన వ్యవహారం. కానీ వాడి ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే కాబట్టి క్షణంలో 'తండ్రి లేని లోటు'గా తేలిపోయింది. అదే కాటు అమ్మానాన్నా ఇద్దరూ ఉన్నవాడు వేస్తే 'మహా చురుకు' అంటారు. ఆ నాన్నగారు సాయంత్రమంతా ఫోన్‌లో మునిగి, కొడుకు ఏ క్లాసో చెప్పడానికి తడుముకున్నా ఆయన హాజరుకేం ఢోకా లేదు.

ఆదివారం బంధువర్గం హాల్లో కొలువుదీరింది. అధ్యక్షులు పెద్ద మావయ్యగారు. 'మగదిక్కు లేకపోతే అంతే' అని తీర్పు ఇంటి దగ్గరే ఖాయం చేసుకొచ్చారు, విచారణ సంగతి తర్వాత. "మొన్న నేనొస్తే పలకరించనైనా లేదు," అని పిన్ని సాక్ష్యం. ఇంకొకాయన డ్రాయింగ్ పుస్తకం తిరగేసి, ఏనుగుకు ఇంత నలుపెందుకని ఆరా తీశాడు. ఏనుగు నల్లగానే ఉంటుంది కదా తాతయ్యా అన్నాడు పిల్లాడు. "చూశారా, ఎదురు సమాధానం!" అదీ రికార్డుల్లోకి ఎక్కింది.

పాపం, పరిశోధకులకు ఈ కమిటీ సేవలు అందలేదు. 1991లో అమాటో, కీత్ అనే ఇద్దరు 92 అధ్యయనాలను కలిపి చూశారు. విడాకులైన ఇళ్ల పిల్లలు కాస్త వెనకబడ్డ మాట నిజమే గానీ, ఆ తేడా చిన్నదే. దానికి తల్లిదండ్రుల కొట్లాటలే ముఖ్య కారణంగా కనిపించాయి. 2006లో మిర్నా వైస్‌మన్ బృందం డిప్రెషన్‌కు వైద్యం తీసుకుంటున్న తల్లుల పిల్లల్ని గమనించింది. మూడు నెలల్లో తల్లి కోలుకున్న ఇళ్లలో పిల్లల మానసిక సమస్యలు 11 శాతం తగ్గాయి, కోలుకోని ఇళ్లలో 8 శాతం పెరిగాయి. వైద్యం జరిగింది అమ్మకి, తెరిపిన పడింది పిల్లలు.

ఇదే సంగతి ఆ పిల్లాడి అమ్మ హాల్లో ఎత్తింది. నిద్ర పట్టడం లేదు, డాక్టర్‌కి చూపించుకుంటానంది. "మనసు బాగోలేదని డాక్టరా? నలుగురూ ఏమనుకుంటారు?" ఆ నలుగురూ అప్పటికే సోఫాలో ఉన్నారు.

తీర్మానం ఏకగ్రీవం: "పిల్లాడి కోసం నువ్వే గట్టిగా ఉండాలమ్మా." ఏం చూసుకుని ఉండాలండీ? అద్దె ఆమే కట్టాలి, పిల్లాడికి జ్వరమొస్తే రాత్రంతా ఆమే కూర్చోవాలి, పొద్దున్నే ఆఫీసులో నవ్వు మొహంతో ఆమే కనబడాలి. "ఈ సాయంత్రం వాణ్ణి నేను చూస్తాను, నువ్వు పడుకో" అన్న మనిషి ఒక్కడున్నాడా మీలో? ఫీజు గడువెప్పుడని అడిగారా? ఏనుగు రంగు మీద గంటసేపు మాట్లాడడానికి తీరికుంది!

వచ్చే ఆదివారం మళ్లీ వస్తారట. నోళ్లు ఇంట్లో పెట్టి, చేతులు తెచ్చుకోండి.