మూడో పేరాకే ప్రేమ

ఈకాలం కుర్రకారు నవలల్లో చూపులు కలవడమే ఆలస్యం, ప్రేమ పుట్టేస్తోందని కొందరు పాఠకులు సణుగుతున్నారు. శుద్ధ కృతఘ్నులు. 60 భాగాల ధారావాహికలో మొదటి భాగం మూడో పేరాకే ప్రేమ పని అయిపోగొట్టి, మిగతా 59 భాగాలూ ఉత్త చేతులతో ఈదుకొచ్చే రచయిత తెగువను ఒక్కరైనా మెచ్చుకున్నారా?

పైగా అదంతా చేయి తిరిగినవాళ్ల పని. ముందు ఫ్రెషర్స్ డే కావాలి. ఒక చున్నీ, దాన్ని అబ్బాయి మొహం మీదికి చేర్చేపాటి గాలి కావాలి. చున్నీ కుదరకపోతే కారిడార్ మలుపులో ఇద్దరూ గుద్దుకుని పుస్తకాలు కింద పడాలి. అవి మూడుకు తగ్గకూడదు. ఒక్కటే అయితే ఆ అమ్మాయే వంగి తీసుకుని క్లాసుకు వెళ్లిపోతుంది. వేళ్లు తగలగానే కరెంటు షాకు. మన ఇళ్లకొచ్చే కరెంటు 230 వోల్టులు. భాగానికి మూడు షాకుల లెక్కన ఆ కుర్రాడు ఇంకా కాలేజీకి ఎలా వస్తున్నాడో వైద్యులు తేల్చాలి. ఆపైన ‘ఏదో తెలియని అనుభూతి’. ఈ ఒక్క మాటలో మాత్రం నిజాయితీ ఉంది. అదేమిటో అబ్బాయికి తెలియదు, అమ్మాయికి తెలియదు, రాసినాయనకీ తెలియదు.

అమ్మాయికి పెద్ద కళ్లు, సొట్టబుగ్గలు, జడ ఇస్తే సరిపోతుంది. అభిప్రాయాలు ఇవ్వకూడదు, అవి కథకు అడ్డం పడతాయి. ఆమెకు ఏ సబ్జెక్టూ పోదు, ఎవరి మీదా ఒళ్లు మండదు, అతను కాక కావలసినది లోకంలో మరొకటి ఉండదు.

అసలు చిక్కు నాలుగో భాగంలో మొదలవుతుంది. ఇద్దరికీ పోట్లాడుకోవడానికి ఏమీ పెట్టలేదు గనక పోట్లాటను బయటి నుంచి అద్దెకు తేవాలి. ఆమె పక్కన కనిపించిన పెద్దమ్మ కొడుకుని చూసి అతను అపార్థం చేసుకుంటాడు. ఒక్క వాట్సాప్ మెసేజ్‌తో తీరిపోయే అపార్థమది. దాన్ని ఇరవై భాగాలు నిలబెట్టాలంటే ఎవరో ఒకరి ఫోన్లో ఛార్జింగ్ అయిపోతూనే ఉండాలి. ఛార్జర్ దొరికేసిందా, యాక్సిడెంటు. యాక్సిడెంటూ చాలలేదా, గతం మరిచిపోవడం. ఈ చివరిది మాత్రం నిజంగా కలిసొస్తుంది: ఇద్దరి మధ్యా జరిగిందేమీ లేదు కాబట్టి మరిచిపోయినా కథకు నష్టం లేదు.

విమర్శించామా, వెంటనే పెద్దల్ని సాక్ష్యానికి పిలుస్తారు. రోమియో జూలియట్లు ఆదివారం రాత్రి కలుసుకుని సోమవారం మధ్యాహ్నానికల్లా పెళ్లి చేసుకోలేదా అంటారు. చేసుకున్నారు. షేక్‌స్పియర్‌కు ఆధారమైన 1562 నాటి ఆర్థర్ బ్రూక్ కావ్యంలో అదే కథ నెలల తరబడి నడిచింది. నాటకంలో షేక్‌స్పియర్ కావాలనే నాలుగైదు రోజులకు కుదించాడు. అంతటితో ఊరుకోకుండా, అదే ఆదివారం పొద్దున రోమియో చేత ఇంకో అమ్మాయి కోసం ఏడిపించాడు, మర్నాడు పాదరీ చేత చీవాట్లు పెట్టించాడు. తొందరపడింది కుర్రాడు, రచయిత కాదు. మన రచయితలకు ఈ తేడా చెబితే నొచ్చుకుంటారు.

ఇక మనుచరిత్రలో వరూధిని. చూడగానే మనసు పారేసుకుంది, నిజమే. కానీ పెద్దన ఆమెకు నోరిచ్చాడు. హిమాలయాలకు తీసుకొచ్చిన కాలి లేపనం మంచుకు కరిగిపోయి ఇంటిదారి అడిగిన ప్రవరుణ్ణి ‘ఇంతలు కన్నులుండఁ దెరువెవ్వరి వేఁడెదు’ అని ఆటపట్టించింది. అవతలివాడు కాదన్నాడు, వాదించాడు, ఆఖరికి తోసేసి ఇంటికి పోయాడు. తొలిచూపు తర్వాత జరిగిన ఆ రభసంతా కావ్యమైంది. అలంకారికులు మన్మథావస్థలు, అంటే ప్రేమలో పడ్డవాళ్ల దశలు, పది లెక్కపెట్టి, కంటికి నచ్చడాన్ని మొదటి మెట్టు మీదే వదిలేశారు. పదిహేడేళ్ల పిల్లాడికి ఒక మొహం చూడగానే గొంతు ఎండిపోవడం అబద్ధమేమీ కాదు. దాన్ని ఆ పేరాలోనే జన్మజన్మల బంధమని రిజిస్ట్రేషన్ చేయించడం దగ్గరే పేచీ.

నమ్మదగ్గ ప్రేమ రాసేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఎంత చాకిరీ! కనీసం మూడుసార్లు కలపాలట, అదీ మూడు వేర్వేరు పనుల మీద. మొదటిసారి ఏర్పడిన అభిప్రాయం రెండోసారి చెదరాలట. కాలేజీ బస్సులో కిటికీ పక్కన కూర్చోకపోతే తనకు కడుపులో తిప్పుతుందని అమ్మాయి 20వ పేజీలో ఇంకెవరితోనో అంటుంది. 75వ పేజీలో అబ్బాయి కిటికీ సీటు ఖాళీగా వదిలి, పక్క సీట్లో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిద్ర నటిస్తాడు. మధ్యలో 55 పేజీల పాటు రచయిత ఆ మాట ఎత్తకూడదు. 22వ పేజీలోనే సీటు వదిలించాడా, పాఠకుడికి వైరు కనబడిపోతుంది. ‘నేనంటే నీకెంత శ్రద్ధ’ అని అమ్మాయి చేత పైకి అనిపించాడా, పాయసంలో ఉప్పు పడ్డట్టే.

ఖర్చు కూడా పెట్టించాలి. గులాబీ ఇవ్వడం ఖర్చు కాదు. రేపు ఎక్స్‌టర్నల్ వస్తాడనగా, తన ల్యాబ్ రికార్డులో ఇంకా నాలుగు ప్రయోగాలు మిగిలుండగా, ఆమె రికార్డుకు గ్రాఫులు గీస్తూ కూర్చోవడం ఖర్చు. తెల్లారి ఆ పిల్ల థాంక్స్ చెప్పకుండా, రెండో గ్రాఫులో స్కేలు తప్పేశావని గొడవకు దిగితే ఇంకా మంచిది. ఆ గొడవ పెద్దమ్మ కొడుకు లేకుండానే పది భాగాలు నడుస్తుంది.

కానీ ఇలా రాసిన అమ్మాయి ఆ ఒక్క నవలకే పనికొస్తుంది. ఇంకో నవలలోకి బదిలీ చేద్దామంటే కడుపులో తిప్పడం, గ్రాఫు స్కేలు అన్నీ వెంటబడి వస్తాయి. తక్షణ ప్రేమకు ఆ బెడద లేదు. పాత ఫైలు తెరిచి, ‘సిరి’ అన్న చోటల్లా ‘మధు’ అని ఒక్కసారి మార్చేస్తే కొత్త నవల సిద్ధం. ఒకే ఒక్క జాగ్రత్త: కథల యాప్‌లో పెట్టేముందు ఒకసారి చదువుకోవాలి. లేకపోతే ముమధున మబ్బుల కింద మధుసిల్ల బస్సు దిగిన కథానాయికకు అత్తగారు కొమధు కొమధు వడ్డిస్తుంది.