చిన్న పెళ్లికి పెద్ద సాకు

పెళ్లి ఖర్చు తగ్గించుకోవడం ఎలా అన్న విషయంలో మానవజాతికి సలహాల కొరత ఏనాడూ లేదు. జాబితా కుదించండి, గిరాకీ లేని రోజు చూసుకోండి, బట్టలు అద్దెకు తెచ్చుకోండి, శుభలేఖలు ఫోనులోనే పంపండి అని చెప్పే పెద్దలు ప్రతి బంధువర్గంలోనూ ఉంటారు. తమ పిల్లల పెళ్లికి వీటిలో ఒక్కటీ పాటించకపోవడం వారందరి ఉమ్మడి లక్షణం. సలహాల్లో తప్పేమీ లేదు. అన్నీ సరైనవే, అన్నీ అందరికీ తెలిసినవే. అయినా అప్పు చేసి ఘనంగా పెళ్లి చేసేవారు చేస్తూనే ఉన్నారంటే, లోపం లెక్కల్లో లేదని విజ్ఞులు గ్రహించాలి. చిన్న పెళ్లి చేయదలచినవారికి డబ్బు దాచే ఉపాయాలు ఎన్నో దొరుకుతున్నాయి గాని, నలుగురి ముందూ తలెత్తుకుని చెప్పుకోదగిన ఒక్క సాకు దొరకడం లేదు.

ఈ అవసరాన్ని ఏథెన్సు శాసనకర్త సోలోన్ క్రీ.పూ. 6వ శతాబ్దంలోనే తీర్చాడు. పెళ్లికూతురు తన వెంట మూడు జతల బట్టలు, కొద్దిపాటి విలువ చేసే ఇంటి సామాను తప్ప మరేమీ తీసుకువెళ్లరాదని ఆయన శాసించినట్టు ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. చరిత్రకారులు దీన్ని సంస్కరణ కింద జమకట్టి ఊరుకున్నారు. ఆడపిల్లల తండ్రుల దృష్టితో చూస్తే దీని మహిమ వేరు. నాలుగో జత ఏదని వియ్యంకుడు నిలదీసినప్పుడు, "నేను పెట్టనంటానా బావగారూ, ఆ సోలోన్ గారే పెట్టనివ్వడం లేదు" అని నిట్టూర్చే సదుపాయం అంతకుముందు ఎవరికుంది? 2007లో తజికిస్తాన్ ప్రభుత్వం పెళ్లికి 150 మందికి మించి పిలవరాదని చట్టం చేసి ఇటువంటి మేలే చేసింది. 2020లో మహమ్మారి కారణంగా అనేక దేశాలు పెళ్లిళ్లకు హాజరయ్యేవారి సంఖ్యపై పరిమితులు విధించగా, ఇంగ్లండ్‌లో సెప్టెంబరు చివరికి అది 15కు దిగింది. ఆ కష్టకాలాన్ని తేలిక చేయడం ఈ వ్యాసకర్త ఉద్దేశం కాదు. అయితే, "మిమ్మల్ని పిలవకుండా మా ఇంట్లో పెళ్లా! ఏం చేస్తాం, రూల్సు చూస్తున్నారుగా" అని ఫోనులో వాపోయిన గొంతుల్లో దుఃఖమెంత, ఉపశమనమెంత అన్నది మాత్రం ఏ ప్రభుత్వమూ లెక్క తీయలేదు.

శాస్త్రజ్ఞులను ఆశ్రయిద్దామంటే వారు మరింత చిక్కులో పడేశారు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ ఫ్రాన్సిస్, హ్యూగో మియాలన్ అనే ఆర్థికవేత్తలు, పెళ్లి చేసుకున్నవారిని 3,000 మందికి పైగా ప్రశ్నించి, 2014లో తమ పరిశీలనను వెల్లడించారు. పెళ్లికి ఎక్కువ ఖర్చు పెట్టినవారి కాపురాలు తక్కువ కాలంలో ముగిసే ధోరణి, ఎక్కువమంది అతిథులు వచ్చిన పెళ్లిళ్లు ఎక్కువ కాలం నిలిచే ధోరణి వారికి కనిపించాయి. ఒకదానివల్లనే మరొకటి జరిగిందని దీన్నిబట్టి తేల్చలేం కాని, అంత ఓపిక పెళ్లివారికి ఉండదు. వారికి అర్థమయ్యేదల్లా, జనం నిండుగా రావాలి, సొమ్ము పలచగా పోవాలి అన్నదే. కూర్చోబెట్టే కుర్చీ మొదలు వడ్డించే విస్తరి దాకా ప్రతిదాన్నీ తలల లెక్కతోనే హెచ్చవేసే ఈ వ్యవహారంలో ఆ రెండూ ఒక్కచోట ఎలా కుదురుతాయో ఆర్థికవేత్తలు సెలవివ్వలేదు.

అందువల్ల సమస్య అంతా ఆ అతిథుల జాబితా దగ్గరే తేలాలి. జాబితా స్వభావం విచిత్రమైనది. అందులో ఒక పేరు చేర్చడానికి కారణం అడిగేవారు ఉండరు. కొట్టివేయడానికి మాత్రం రెండు తరాల చరిత్ర తిరగేయవలసి వస్తుంది. ఎవరి పెళ్లికి ఎవరు ఎంత చదివించారో గుర్తుపెట్టుకున్న ఒక మేనత్త అప్పుడే వచ్చి కూర్చుంటుంది. వధూవరులు ఇద్దరూ ఎన్నడూ చూడని వ్యక్తి, చూసినా గుర్తుపట్టని వ్యక్తి, పిలిస్తే రాని వ్యక్తి, పిలవకపోతే మాత్రం బతికినన్నాళ్లూ మరచిపోని వ్యక్తి మొదటి పేజీలోనే స్థిరపడతారు. పెళ్లివారి స్నేహితులకు చివరి పేజీలో చోటు మిగిలితే మిగులుతుంది.

ఇక నిరాడంబరతనే అలంకారంగా ఎంచుకున్న జంటల సంగతి. వీరికి ఆర్భాటం గిట్టదు. తమ పెళ్లికి ఒక అర్థం ఉండాలంటారు. కాబట్టి శుభలేఖ చేత్తో చేసిన కాగితం మీదే అచ్చు కావాలి, దీపాలు వెలిగించినట్టు కాక వాటంతటవే వెలిగినట్టు ఉండాలి, పూలు పెట్టకుండా వదిలేసిన మూల వదిలేసినట్టే కనిపించేలా తీర్చిదిద్దడానికి వేరే మనిషి రావాలి. ఆ బిల్లు చూసిన తండ్రికి పాతకాలపు ఆర్భాటం మీద గౌరవం పెరుగుతుంది. 1840లో విక్టోరియా రాణి తెల్ల గౌను తొడిగి పెళ్లాడిన తరువాత, ఆ రంగు లోకమంతా పాకింది. అదే రాణి తన పెళ్లినాటి లేసును దశాబ్దాల తరబడి మళ్లీ మళ్లీ ధరించింది. ఆ భాగం మాత్రం ఎక్కడికీ పాకలేదు. సామ్రాజ్యం ఉన్నవారు పాత లేసు కట్టుకుంటే అభిరుచి అంటారు. జీతగాళ్లు కట్టుకుంటే ఆరా తీస్తారు. సాకు అవసరం ఎవరికో, ఎవరికి లేదో ఇక్కడే తేలిపోతుంది.

కనుక ప్రభుత్వాలు వెంటనే ప్రతి కుటుంబానికీ, కోరిన మీదట, ఒక నిషేధ ఉత్తర్వు జారీ చేయాలని ఈ వ్యాసకర్త వినయపూర్వకంగా ప్రతిపాదిస్తున్నాడు. ఘనంగా చేయాలని దరఖాస్తుదారుకు ఎంతో ఉబలాటంగా ఉన్నదనీ, అధికారులే కఠినంగా అడ్డుపడ్డారనీ అందులో స్పష్టంగా ఉండాలి. భాష ఎంత కటువుగా ఉంటే కుటుంబానికి అంత మర్యాద. ముద్ర పెద్దదిగా, దూరపు బంధువులకు సైతం ఆనేటట్టు ఉండాలి. అతిథుల సంఖ్య రాయవలసిన చోటును మాత్రం ఖాళీగా వదలడం మంచిది. అక్కడ ఎంత వేయాలో నిర్ణయించడానికి ఇరువైపుల పెద్దలూ ముందుగా ఒకసారి సమావేశం కావలసి ఉంటుంది, వారికి భోజనాల ఏర్పాటూ తప్పదు, ఆ సమావేశానికి ఎవరెవరిని పిలవాలో తేల్చే జాబితా పని మేనత్త ఇప్పటికే మొదలుపెట్టింది.