చుక్క వీర్యానికి వంద చుక్కల రక్తమా?

హైదరాబాద్‌లో కాలేజీ మిత్రుల గ్రూపుల నుంచి అపార్ట్‌మెంట్ గ్రూపుల దాకా ఒక వాట్సాప్ సందేశం తిరుగుతోంది. ఒక చుక్క వీర్యం వంద చుక్కల రక్తంతో సమానమనీ, పెళ్లికి ముందు హస్తప్రయోగంతో దాన్ని పోగొట్టుకున్నవారికి నరాల బలహీనత వచ్చి అంగస్తంభన ఉండదనీ, భార్య దూరం పెట్టడానికీ అదే కారణమనీ, దుష్ఫలితాలు లేని మూలికల చూర్ణం మండలం రోజులు వాడితే అంతా సర్దుకుంటుందనీ, అయితే ఈ సంగతి భార్యకు తెలియనివ్వరాదనీ దాని సారాంశం. చివర ఒక ఫోన్ నంబరు ఉంటుంది.

మొదటి మాట లెక్కకే నిలవదు. ఒకసారి వెలువడే వీర్యం సుమారు 2 నుంచి 5 మిల్లీలీటర్లు. వందతో హెచ్చవేస్తే 200 నుంచి 500 మిల్లీలీటర్ల రక్తం. రక్తదాన శిబిరంలో ఒకరి నుంచి సాధారణంగా తీసుకునేది 350. ఈ లెక్క నిజమైతే కొత్త పెళ్లికొడుకులందరూ ఆషాఢమాసం రాకముందే రక్తహీనతతో ఆస్పత్రిలో చేరాలి. వీర్యంలో అధిక భాగం వీర్యకోశాలు, ప్రొస్టేట్ గ్రంథి స్రవించే ద్రవం. శుక్రకణాల వాటా స్వల్పం, అవి వృషణాలలో నిరంతరం తయారవుతూనే ఉంటాయి. వీర్యం పోతోందన్న దిగులుతోనే నీరసించిపోయేవారు మాత్రం నిజంగా ఉన్నారు. ఆ స్థితికి 1960లో మనోవైద్యుడు డాక్టర్ ఎన్.ఎన్. విగ్ ధాతు సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఇలాంటి సందేశాలు ఆ దిగులునే పెంచి పోషిస్తాయి.

హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడవు. అంగస్తంభన ప్రధానంగా రక్తప్రసరణకు సంబంధించిన విషయం. అక్కడి ధమనులు గుండె ధమనుల కంటే సన్నవి కనుక షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ల వల్ల కలిగే హాని గుండెనొప్పి రావడానికి కొన్నేళ్ల ముందే అక్కడ బయటపడవచ్చు. నలభై దాటిన మనిషి కుర్రతనపు తప్పును తలచుకొని కుమిలిపోతూ కూర్చుంటే, చేయించుకోవలసిన షుగర్ పరీక్ష ఆగిపోతుంది. ఈ సందేశం చేస్తున్న పెద్ద హాని ఇదేనని నా అభిప్రాయం. ఉదయం నిద్ర లేచే వేళకు స్తంభన ఉంటోందా అని వైద్యులు తప్పక అడుగుతారు. అప్పుడు ఉండి, భార్య దగ్గర మాత్రమే లేకపోతే ఆందోళన, అలసట, మనస్పర్థల వైపు చూస్తారు. ఎప్పుడూ లేకపోతే రక్తపరీక్షలు రాస్తారు. హైటెక్ సిటీలో ఆయన పగటి షిఫ్టు, ఆమె రాత్రి షిఫ్టు చేస్తున్న ఇంట్లో ఈ విచారణ నిద్ర దగ్గరే మొదలు కావచ్చు.

ఇక భార్య సంగతి. ఆమెకూ ఒక శరీరం ఉందన్న స్పృహ ఆ సందేశంలో ఎక్కడా కనబడదు. యోని కండరాలు అసంకల్పితంగా బిగుసుకుపోవడం, ఇన్ఫెక్షన్లు, పాలిచ్చే నెలల్లో హార్మోన్లు తగ్గి యోని పొడిబారడం, థైరాయిడ్ లోపం, డిప్రెషన్, ఇవన్నీ కలయికను బాధాకరంగానో అయిష్టంగానో మార్చగలవు, వీటన్నిటికీ చికిత్స ఉంది. ఆమె కాదన్న ప్రతిసారీ దాన్ని భర్త మగతనానికి కొలతగా చూడడం ఇద్దరికీ అన్యాయం.

చూర్ణానికి దుష్ఫలితాలు లేవన్నది ప్రమాదకరమైన అబద్ధం. మూలికల పేరుతో అమ్మే ఇలాంటి మందులలో వయాగ్రాలో ఉండే సిల్డెనాఫిల్ అనే మందు కలిసి ఉన్నట్లు అనేక దేశాల ఔషధ నియంత్రణ సంస్థలు గుర్తించాయి. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునే వ్యక్తి తెలియక దాన్ని మింగితే బీపీ ప్రాణాంతకంగా పడిపోవచ్చు. (నా అభ్యంతరం ఆయుర్వేదం మీద కాదు, లేబుల్ లేని పొట్లం మీద.)

భార్యకు చెప్పవద్దన్న సలహా చికిత్సకే అడ్డు. శీఘ్రస్ఖలనానికి 1956లో వైద్యుడు జేమ్స్ సీమన్స్ వివరించిన, స్ఖలనం దగ్గరపడగానే ఆపి, మళ్లీ మొదలుపెట్టే పద్ధతి భార్య సహకారంతో చేసేదే. ఆమెకు తెలియకుండా దాన్ని పాటించడం ఎలా?

ఫోన్ నంబరుతో వచ్చే ఈ సందేశం ఒక ప్రకటన. లైంగిక సామర్థ్యం పెంచుతామంటూ మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. మొదటి నేరానికే ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆ నంబరుకు ఫోన్ చేసే బదులు గాంధీలోనో ఉస్మానియాలోనో యూరాలజీ ఓపీకి, అవసరమైతే మనోవైద్య విభాగానికి, వీలైతే ఇద్దరూ కలిసి వెళ్లవచ్చు.