ధైర్యం టీకొట్టు దాకా వచ్చింది

మా ఆఫీసులో ధైర్యవంతులు లేరని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఉన్నారు. రోజూ పదకొండింటికీ నాలుగింటికీ గేటు బయట టీకొట్టు దగ్గర దొరుకుతారు. ఆ బెంచీ మీద కూర్చుని మా సీనియర్ అసిస్టెంటుగారు "నేనైతేనా, మొహమ్మీదే అడిగేసేవాణ్ణి" అంటుంటే గ్లాసులో టీకి కూడా రోషం వస్తుంది. అడగాల్సిన మొహం మాత్రం ఆ టైముకి పై అంతస్తులో ఏసీ కింద ఉంటుంది. కాబట్టి లోపం ధైర్యంలో లేదు, దూరంలో ఉంది. నూటయాభై అడుగులు, మెట్లు కాక.

శాస్త్రం కూడా మా వైపే ఉంది. లాటనే, డార్లీ అనే అమెరికా మనస్తత్వవేత్తలిద్దరు 1968లో ఓ ప్రయోగం ప్రకటించారు. ఫారాలు నింపమని మనిషిని గదిలో కూర్చోబెట్టి, గోడలోని కంతగుండా పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి చెప్పారు. పక్కన మరో ఇద్దరు కూర్చుని, పొగ వంక ఓసారి చూసి మళ్లీ ఫారాల్లో పడిపోతే, చెప్పినవాళ్లు 10 శాతమే. మిగతావాళ్లు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ రాసుకుపోయారు! ఆ ఇద్దరూ ముందే మాట్లాడి పెట్టుకున్న మనుషులు. పాపం, అక్కడ మనుషుల్ని కుదుర్చుకోవాల్సి వచ్చింది. మా సెక్షన్‌కి వచ్చి ఉంటే పన్నెండుగురం తర్ఫీదు అక్కర్లేకుండా దొరికేవాళ్లం.

ఈ పొగ హైదరాబాదుకి కొత్తేం కాదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ రామలింగరాజుగారి ఉత్తరం బయటికొచ్చింది. లెక్కల్లో చూపించిన వేల కోట్లు లేవనీ, పులి మీద స్వారీలా అయిందనీ, దానికి ఆహారం కాకుండా ఎలా దిగాలో తెలియలేదనీ రాశారు. ఆ పులి ఏళ్ల తరబడి తిరిగింది. బోర్డులో పెద్దపెద్దవాళ్లున్నారు, ఆడిటర్లున్నారు, ఎవరికీ చారలు కనపడలేదు. జనవరి 8 పొద్దున మాత్రం టీకొట్ల దగ్గర ప్రతివాడూ "నాకెప్పట్నుంచో అనుమానమే" అన్నవాడే.

అలాగని మమ్మల్ని మరీ తీసిపారెయ్యకండి. జాతీయ రహదారుల ఇంజనీరు సత్యేంద్ర దూబే పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి రాసి, తన పేరు గుట్టుగా ఉంచమని కోరాడు. ఆ ఉత్తరం పేరుతో సహా బల్లలన్నీ తిరిగింది. 2003 నవంబరులో గయలో ఆయన్ని కాల్చి చంపారు. దోపిడీ దొంగల పని అని దర్యాప్తులో తేలింది. మేం తేల్చుకున్నది వేరు. అక్రమాలు బయటపెట్టేవాళ్లని కాపాడటానికి 2014లో చట్టమూ వచ్చింది, ఏళ్లు గడిచినా అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం రాలేదు. ముందు ఎవరో ఒకరు అమలైతే తర్వాత తానూ అవుదామని చూస్తోందేమో.

ఇంతకీ అసలు సంగతి. పోయినవారం మీటింగులో, చేరి ఆరు నెలలైనా కాని జూనియర్ అసిస్టెంటు అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, బిల్లులో నలభై కుర్చీలున్నాయి. నేను లెక్కపెడితే ముప్పై రెండే వచ్చాయి."

ఫ్యాను చప్పుడు అంత స్పష్టంగా నేనెప్పుడూ వినలేదు. సూపరింటెండెంటుగారు కళ్లజోడు తీసి తుడిచారు. సీనియర్ అసిస్టెంటుగారు చేతిలో ఉస్మానియా బిస్కెట్టుని, దాన్నెవరో ఆడిట్ చెయ్యమన్నట్టు, తిప్పితిప్పి చూశారు. ఆష్ అనే మనస్తత్వవేత్త 1950లలోనే తేల్చాడు. గదంతా తప్పు చెబుతున్నా, నిజం పలికే తోడు ఒక్కడుంటే మనిషి గుంపుకి లొంగడం బాగా తగ్గుతుందట. ఆ ఒక్కడూ నేనే కావచ్చని నాకు ఆ క్షణాన బాగా తెలుసు. అందుకే నా కుర్చీని, ఆ ముప్పై రెండింటిలో ఒకదాన్ని, ఆ అమ్మాయికి జానెడు దూరం జరుపుకున్నాను.

"విడిగా మాట్లాడదాం లేమ్మా" అన్నారు ఆఫీసరుగారు.

నాలుగింటికి టీకొట్టు దగ్గర ఆ అమ్మాయికి సన్మానమే జరిగింది. "భలే అడిగావమ్మా", "ఇన్నాళ్లకి ఒక్కరు నోరు తెరిచారు" అని తలో మాటా. టీ డబ్బులు నేనిచ్చాను. నిజానికి ఆ కుర్చీలు నేనూ లెక్కపెట్టాననీ, నాకైతే ముప్పై ఒకటే వచ్చాయనీ కూడా చెప్పాను. ఒకటి మా బాస్ ఇంట్లో ఉన్నప్పుడు లెక్కపెట్టి ఉంటాను.

"అయితే రేపు మీటింగులో మీరూ చెప్తారా సార్?" అంది.

రేపు నాకు సీఎల్ ఉందమ్మా అన్నాను. లేదు. టీ తాగి పైకెళ్లి పెట్టుకున్నాను.